సంత రోజు ఫైనల్

కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. గ్రౌండు ఎలా చదును చేయించాలి, టోర్నమెంటుకు అంపైర్లను ఎక్కడ పట్టాలి లాంటివి అడిగి, చివరికి అందరూ ఒకే చోటికి వస్తారు. "మీ టైంల కాలేజీ ఆటలకు జనం విరగబడి వచ్చెటోళ్ళట గద సార్, ఇప్పుడెందుకు వస్తలేరు?" జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. సెల్‌ఫోన్లు సార్, టీవీల క్రికెట్ సార్, అంటారు. నేను అవునని ఊరుకుంటాను. ఫోన్లో తేలే కథ కాదు అది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను కాబట్టి ఊరుకోను. రిటైరయ్యాక కూడా నా నోరు మెత్తబడలేదని మా ఇంట్లో అంటారు. చదివేటప్పుడు కొంచెం చేదు తగిలితే సర్దుకోండి.

నేను ఆఖరున పనిచేసింది కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక డిగ్రీ కాలేజీ. ఊరి పేరు చెప్పను. నా మాటలకు నొచ్చుకునేవాళ్ళు ఇంకా అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. రోడ్డుకు ఈ పక్క కాలేజీ, ఆ పక్క వారం వారం సంత జరిగే బయలు. కాలేజీ గ్రౌండు రోడ్డువైపే ఉండేది. అప్పట్లో మధ్యలో కంచె కూడా లేదు.

నాకు ముందు పనిచేసిన ఆయన ఎప్పుడో పెట్టిన పద్ధతి ఒకటి అక్కడ ఉండేది. మా కాలేజీ నడిపే అంతర కళాశాలల కబడ్డీ పోటీల ఫైనల్ ఎప్పుడైనా సంత రోజునే జరగాలి. చింతపండు, చీపుర్లు, అడ్డాకులు అమ్ముకున్న ఆడవాళ్ళు ఖాళీ గంపలు దించి గ్రౌండు చుట్టూ కూర్చునేవాళ్ళు. బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్ళు బండ్లు ఆపుకుని నిలబడేవాళ్ళు. ఆటోవాళ్ళు టాపులెక్కేవాళ్ళు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, మైకు కూడా ఒక్కోసారి ఉండేది కాదు. కూతకు వెళ్ళిన పిల్ల ఊపిరి బిగబడితే చూసేవాళ్ళ ఊపిరీ బిగబడేది. ఉద్యోగంలో నాకు దొరికిన సంతోషమంటూ ఉంటే అది ఆ సాయంత్రాలే.

ఇంకో సంగతి. ఫైనల్‌కు ముందు చుట్టుపక్కల గుంపుల నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అడవంచు కోయ పల్లెలను మా దగ్గర గుంపులంటారు. వాళ్ళు గంపలతో పుట్టమన్ను తెచ్చి కోర్టంతా పరిచి, నీళ్ళు చల్లి, వరుసగా నిలబడి కాళ్ళతో తొక్కి గట్టిపరిచేవాళ్ళు. వాళ్ళను కాలేజీ పిలిచిందీ లేదు, కూలి ఇచ్చిందీ లేదు. ఆడేది తమ పిల్లలు, పడితే మోకాళ్ళు చెక్కుకుపోకూడదు, అంతే లెక్క.

ఈ వైభవం గోడతో పోయింది. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి ఒక బృందం వస్తుందని, ప్రహరీ ఉంటే మార్కులు పడతాయని మా కామర్స్ లెక్చరర్ కనిపెట్టాడు. గ్రేడు పనులన్నీ అతని చేతిలోనే ఉండేవి. ఖమ్మం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. మనిషి చురుకు. ఏ పని జరిగినా ఫొటో తీసేవాడు, ఫొటో తీయడానికి వీల్లేని పనిని పనిగా లెక్కపెట్టేవాడు కాదు. మనిషెత్తు దాటి గోడ లేచింది. దాని మీద గాజుపెంకులు గుచ్చారు. సందు లేకుండా రేకులు కొట్టిన గేటు పెట్టారు. గేటు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి. మెడలో కాలేజీ కార్డు లేనివాణ్ణి లోపలికి రానివ్వకూడదని అతనికి ఆర్డరు. కంచే చేను మేసిందంటారు, మా దగ్గర గోడ మేసింది.

ఆ ఏడాది ఫైనల్‌కు గ్రౌండు చుట్టూ జనం పలచబడ్డారు. తర్వాతి ఏడాది మా స్టాఫు, ఆడే పిల్లల స్నేహితులు తప్ప ఎవరూ లేరు. పుట్టమన్ను తెచ్చే ఆడవాళ్ళను కూడా గేటు దగ్గర కార్డు అడిగారట. వాళ్ళు మన్ను గేటు ముందే కుప్పపోసి వెళ్ళిపోయారు.

ప్రేక్షకులు ఎందుకు తగ్గుతున్నారో తేల్చడానికి అప్పుడు మా ప్రిన్సిపల్ ఒక కమిటీ వేశారు. ఆయనది మధిర వైపు. మర్యాదస్థుడు, మాట మెత్తన, కాని గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడే రకం. కమిటీలో నేనూ ఉన్నాను. సమోసాలు తింటూ యువత ఫోన్లకు బానిసైన తీరు గురించి అందరూ చాలా బాధపడ్డారు. బాధపడుతూనే ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు.

"గోడండీ" అన్నాను నేను.

"గోడేం చేసింది సార్?" అన్నాడు కామర్స్ లెక్చరర్.

"చూసేటోళ్ళు గోడకు అవతల ఉన్నరు. ఆట ఇవతల ఉన్నది."

"గా సంతోళ్ళు ప్రేక్షకుల కింద రారు సార్. ప్రేక్షకులంటే మన స్టూడెంట్స్. మనం రిపోర్టుల చూపియ్యాల్సింది స్టూడెంట్సునే."

కమిటీ తేల్చిందేమిటంటే, గ్రౌండు అంచున ఒక సెల్ఫీ పాయింటు పెట్టాలని. పూల బొమ్మలతో పెద్ద చట్రం ఒకటి తెచ్చి నిలబెట్టారు. పిల్లలు నిజంగానే వచ్చారు. ఆటకు వీపు పెట్టి నిలబడి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఇది హాస్యానికి కల్పించిన మాట కాదు, కళ్ళారా చూశాను.

ఇంతవరకైతే నేనూ గొణుక్కుంటూ రిటైరయిపోయేవాణ్ణి. నా ఆఖరి ఏడాదిలో ఇంకో కబురు వచ్చింది. గ్రౌండు ఉన్న జాగాలో శిక్షణ తరగతుల కోసం కొత్త బ్లాకు కట్టాలని ఆలోచిస్తున్నారట. పై ఆఫీసు నుంచి ఒక అధికారి కబడ్డీ ఫైనల్ రోజున వచ్చి, గ్రౌండుకు నిజంగా ఆదరణ ఉందో లేదో చూసి రిపోర్టు రాస్తారట. ఉంటే బ్లాకు హాస్టల్ వెనక రాళ్ళ జాగాలోకి పోతుంది. లేకపోతే గ్రౌండు పోతుంది.

గ్రౌండంటే మీకు మట్టి. గుంపుల నుంచి వచ్చే ఆడపిల్లలకు అదే కాలేజీ. ఇంటర్ కాగానే మిరప తోటల్లో కూలికి పోవాల్సిన పిల్లలు కబడ్డీ జట్టులో ఉన్నారనే డిగ్రీలో మిగిలారు. ఊళ్ళో వాళ్ళ ఆట చూసి, పిల్ల పేరు పదిమంది నోట విని, పోనీ చదవనీ అని తండ్రులు ఊరుకున్నారు. ఆ ఏడు మా ఆడపిల్లల జట్టు కెప్టెన్ అలాంటి పిల్లే. పొట్టి మనిషి, ఉడుము పట్టు. గ్రౌండు కబురు విని నా గదికొచ్చింది.

"గ్రౌండు తీస్తే మేం ఏడ ఆడాలె సార్?"

"హాస్టల్ ముందర ఆడుకోమంటరేమో."

"ఆడ కంకర పోసిండ్రు గద."

ఆ పిల్ల తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మా వాళ్ళు వస్తే నిండుతది సార్ గ్రౌండు. గేటు తీయించుర్రి చాలు" అని వెళ్ళిపోయింది.

నేను ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళాను. ఫైనల్‌ను సంత రోజుకే పెట్టించాను. ఆ ఒక్క సాయంత్రం కార్డు అడగకుండా జనాన్ని రానివ్వాలని అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, "సరేనండీ, ఒక్క రోజే కదా, రానిద్దాం" అన్నారు. కామర్స్ లెక్చరర్ పక్కనే ఉన్నాడు. అతను కూడా తల ఊపాడు.

బండి వేసుకుని గుంపులన్నీ తిరిగాను. కెప్టెన్ వాళ్ళ గుంపుకు వెళ్ళేసరికి ఆమె తండ్రి ఇంటి ముందు తడిక అల్లుతున్నాడు. సన్నగా, ఎండిన మనిషి. కూతురు కాలేజీలో ఆడిన ఆట ఒక్కటీ చూడలేదు. ఆమె చేరేనాటికే గోడ లేచింది.

"మమ్ముల రానిస్తరా సారు?" అన్నాడు. "పోయినేడు పోతే కార్డేది అన్నడు. మాకు రేషన్ కార్డున్నదని చూపిస్తే నవ్విండు."

"ఈసారి రానిస్తరు. పెద్ద సారే ఒప్పుకున్నడు."

"గట్లయితే గుంపు మొత్తం వస్తం. డోలు తేవచ్చునా?"

"తెండి" అన్నాను. ఆ సాయంత్రం తిరిగొస్తుంటే నాకు ఎంత హుషారుగా ఉందో ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

ఫైనల్ రోజు పొద్దునే కామర్స్ లెక్చరర్ పని మొదలుపెట్టాడు. ప్రతి క్లాసునూ వరుసలో నడిపించి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. రానివాళ్ళకు అటెండెన్సు పోతుందన్నాడు. ముందు బ్యానరు పట్టించాడు. ఆట ఇంకా మొదలు కాలేదు, జట్లు ఇంకా గ్రౌండులోకే దిగలేదు, ఆ పిల్లలేమో గాల్లోకి చూసి చప్పట్లు కొట్టారు. అతను మూడు వైపుల నుంచి ఫొటోలు తీసుకున్నాడు. ఆ ఫొటోలు చూస్తే మా కాలేజీలో ఆటలంటే ప్రాణమిస్తారని ఎవరైనా నమ్ముతారు. తర్వాత క్యాంటీన్ వెనక బిర్యానీ పొట్లాలు పంచారు. పొట్లం అందుకున్నవాడు మళ్ళీ గ్రౌండు ముఖం చూడలేదు. హాస్టల్ పిల్లలు హాస్టల్‌కు, మిగిలినవాళ్ళు వరండాల నీడకు చేరారు.

అధికారులు చెప్పిన వేళకు రారని మా కామర్స్ లెక్చరర్‌కు తెలియదా అంటే తెలుసు. ఫొటో వచ్చేసింది కదా, ఇంక మనుషులతో పనేముందని అతని ధీమా.

మధ్యాహ్నం దాటాక రోడ్డువైపు నుంచి డోలు వినబడింది. నేను లేచి గేటు దగ్గరికి నడిచాను. గేటుకు తాళం వేసి ఉంది.

"తీయవయ్యా, వచ్చిండ్రు" అన్నాను సెక్యూరిటీ మనిషితో.

"నన్ననకుర్రి సార్. తాళం చెవి పెద్ద సారు తీస్కపోయిండు. పై ఆఫీసు పెద్దాయన వస్తుండట, బయటోళ్ళు ఎవ్వళ్ళు లోపల ఉండొద్దన్నరు."

ప్రిన్సిపల్ గదికి పరుగెత్తాను. పరుగెత్తే వయసు కాదు, అయినా పరుగెత్తాను. ఆయన నా మొహం చూడకుండానే మొదలుపెట్టారు.

"మన కామర్స్ సార్ చెప్పిందీ నిజమేనండీ. అసలే ఏజెన్సీ ఏరియా. వందలమంది డోళ్ళు కొట్టుకుంటూ లోపలికొస్తే, పెద్దాయన ఉన్నప్పుడు ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

"నేను చెప్తాను."

"మీరేం చెప్తారండీ, మీకింక నాలుగు నెలల సర్వీసు కూడా లేదు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పూచీ ఎంత చెల్లుతుందో ఆ ఒక్క మాటలో తేలిపోయింది. వాళ్ళను పిలిచింది నేనని, పిలిచి గుమ్మం బయట నిలబెట్టడం పగవాడికి కూడా చేయకూడదని గట్టిగానే అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నంత పని చేశారు కాని తాళం చెవి తీయలేదు.

అప్పుడే కారు హారన్ వినబడింది. ప్రిన్సిపల్ పరుగున వెళ్ళి గేటు తీయించారు. తమకోసమే తీశారనుకుని జనం ముందుకు కదిలారు. ముందు వరసలో గంపలతో ఆడవాళ్ళు, వాళ్ళ వెనక డోలుతో మగవాళ్ళు. సెక్యూరిటీ మనిషి చేతులు చాచి వాళ్ళను నెట్టాడు. కారు లోపలికి వచ్చింది, గేటు మూసుకుంది. గొడవ చేయలేదు వాళ్ళు. ఒక్క రాయి పడలేదు. వద్దంటే ఆగిపోయే జనాన్ని చూసి భయపడింది మా కాలేజీ.

అధికారి దిగుతూ, "ఎవరండీ ఆ జనం?" అన్నారు.

"సంతండీ. ఈ రోజు ఇక్కడ సంత" అన్నారు ప్రిన్సిపల్.

"సంత జనమే సార్, కాని ఆట చూడడానికి వచ్చారు" అన్నాను నేను వెనక నుంచి.

ఆయన ఆగి నన్ను చూశారు. "అయితే లోపలికి రావచ్చుగా?"

"గేటుకు తాళం ఉంది సార్."

ఆయన ప్రిన్సిపల్ వైపు తిరిగారు. ప్రిన్సిపల్ నోరు తెరిచేలోపే కామర్స్ లెక్చరర్ గొంతు తగ్గించి, "సెక్యూరిటీ కారణాలు సార్" అన్నాడు. మా అడవి ప్రాంతంలో ఆ మాట పడ్డాక ఎంత పెద్దవాడైనా ఇంకో ప్రశ్న అడగడు. ఆయనా అడగలేదు. తల ఊపి కుర్చీలో కూర్చున్నారు. ఆయన వెనక వందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి మధ్య బిర్యానీ కవర్లు గాలికి దొర్లుతున్నాయి.

ఆట మొదలైంది. అవతలి జట్టు ఖమ్మం నుంచి వచ్చిన కాలేజీ. మంచి బూట్లు, మంచి తిండి. మా పిల్లలు మాత్రం ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. గోడ అవతల డోలు మోగుతుంటే వీళ్ళ కాళ్ళు నేల మీద నిలబడలేదు. మొదటి సగం అయ్యేసరికి రెండు పాయింట్లు వెనకబడ్డారు, అంతే. నీళ్ళు తాగడానికి వచ్చిన కెప్టెన్ నీళ్ళు తాగకుండా నన్నే చూసింది.

"మా నాయిన వచ్చిండు సార్. డోలు మావాళ్ళదే. ఇంకెప్పుడు తీస్తరు గేటు?"

"నువ్వు ఆడు బిడ్డా" అన్నాను. ఇంతకంటే చేతకాని మాట నా జీవితంలో అనలేదు.

అధికారి చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు తనూ ఆడాడట, పట్లు బాగా పడుతున్నారని మెచ్చుకున్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి కుర్చీలు చూశాడు. "ఇంత మంచి ఆట, మనిషి లేడండీ. ఫోన్లొచ్చి అంతా పాడైపోయింది" అన్నాడు. ప్రిన్సిపల్ అవునండీ అన్నారు. కమిటీ కూడా అదే తేల్చిందని కామర్స్ లెక్చరర్ చెప్పాడు. పొద్దున తీసిన ఫొటోలు చూపించబోయాడు, ఎందుకో తోచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ అధికారి తన కంటితో చూసిందే రిపోర్టులో రాశాడు. గ్రౌండుకు ఆదరణ లేదని రాశాడు. ఇప్పుడు ఆ జాగాలో బ్లాకు ఉంది. కబడ్డీ జట్టు లేదు. తర్వాతి ఏడాది గుంపుల నుంచి డిగ్రీలో చేరిన ఆడపిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చని మిత్రులు చెప్పారు.

ఆట చివరికొచ్చేసరికి మావాళ్ళు ఒక్క పాయింటు వెనక. ఆఖరి కూత మాదే. కెప్టెనే వెళ్ళింది. అవతలివాళ్ళ కార్నర్ పిల్లను తాకింది, తిరిగింది, మధ్య గీత ఇంకా జానెడు దూరం ఉందనగా చీలమండ దొరికిపోయింది. నలుగురు మీద పడ్డారు. ఆ మనుషుల కింద నుంచి చెయ్యి ఒకటి చాచి గీత కోసం నేలంతా తడిమింది. అందలేదు. అంపైర్ పొడుగ్గా విజిల్ వేశాడు.

ఆ విజిల్ ఇంకా ఆగకముందే గోడ అవతల చప్పట్లు మోగాయి. చప్పట్లు, ఈలలు, డోలు అన్నీ కలిసి, ఆ రోజంతా లేనంత గట్టిగా మోగాయి. కెప్టెన్ మన్ను మీద పడుకునే తల తిప్పి గోడ వైపు చూసింది. ఆ పిల్ల ముఖం నేను వర్ణించను.

"సంతల ఏదో పెద్ద బేరం తెగినట్టుంది" అన్నాడు కామర్స్ లెక్చరర్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను అక్కడి నుంచి లేచి దూరంగా వెళ్ళిపోయాను. ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ణి.

కప్పులిచ్చారు. ఖాళీ కుర్చీలు కనబడకుండా దగ్గర నుంచి ఫొటోలు తీశారు. అధికారి కారు వెళ్ళాక, ఇక తాళంతో పనిలేదని గేటు బార్లా తీసేశారు. అప్పటికి పొద్దువాలింది. దూరం గుంపులవాళ్ళు ఆటోలు దొరకవని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు గేటు తీసి ఉన్నా లోపలికి రావాలో వద్దో తెలియక బయటే నిలబడ్డారు. నేను వెళ్ళి కెప్టెన్ తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"మస్తు కొట్టినం సారు చప్పట్లు" అన్నాడు. "లోపలికి ఇనవడ్డయా?"

"ఇనవడ్డయి."

"గోడ అడ్డముంటే ఎవరికి పాయింటొచ్చిందో మాకెట్ల తెలుస్తది? విజిల్ ఇనవడ్డప్పుడల్లా మా బిడ్డకే వచ్చిందనుకొని కొట్టినం. ఆఖరుకు పెద్ద విజిలేసిండ్రు గద, గెలిచినట్టే గద సారు?"

కూతురు అప్పటికే మా వెనక వచ్చి నిలబడి ఉంది. మోచేతుల నిండా మన్ను, చీలమండ వాచింది. నేను గొంతు సవరించుకునేలోపు ఆ పిల్లే ముందుకొచ్చి తండ్రి చేతిలోని డోలు అందుకుంది.

"అవ్ నాయినా, గెలిచినం" అంది.